పాత కారు కింద ఆయిల్ మరక: ప్యాకింగ్ మార్చే ముందు కారుతున్న చోటు తేల్చుకోండి

పాత కారు కింద నల్లటి మరక కనపడగానే మన దగ్గర రెండు మాటలే వినిపిస్తాయి. "పాత బండి కదా, ఆ మాత్రం కారదా" అని వదిలేసేవాళ్లు కొందరు, "హెడ్డు పోయింది, ఇంజన్ విప్పాల్సిందే" అని భయపెట్టేవాళ్లు కొందరు. చాలాసార్లు రెండూ నిజం కాదు. పైన రెండు భాగాల మధ్య సందు మూసే రబ్బరు ప్యాకింగ్ ఒకటి గట్టిపడిపోయి ఉంటుంది, లేదా గాలి బయటికి పోయే గొట్టం ఒకటి పూడుకుపోయి ఉంటుంది. వందల రూపాయల సామానుతో ఇంటి ముందే ఒక పూటలో అయిపోయే పని. కానీ ఆ సంగతి తెలియాలంటే ఆయిల్ ఎక్కడినుంచి బయలుదేరుతోందో ముందు తేలాలి, ఆ ఒక్క పనినే ఎవరూ ఓపిగ్గా చెయ్యరు. ప్యాకింగ్ మార్చడం చిన్న పని, ఏ ప్యాకింగ్ మార్చాలో కనుక్కోవడమే పెద్ద పని.

ఒడిశాలో రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం వైపు మన తెలుగు ఇళ్ల ముందు మారుతి 800లు, ఓమ్నీలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. పేపర్ మిల్లులోనో, తేరుబలి ఫ్యాక్టరీలోనో, సునాబెడ హెచ్ఏఎల్‌లోనో ఇంటి పెద్దలు ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్నవి, ఇప్పటికీ ఓఆర్ 18, ఓఆర్ 10 నంబర్లతో తిరుగుతున్నవి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకి ఆర్సీ రెన్యూవల్ చేయించుకుంటే ఇంకో 5 ఏళ్లు నడుపుకోవచ్చు, కానీ దానికి ఫిట్‌నెస్ చూపించాలి, కింద ఆయిల్ కారుతూ పొగ వస్తున్న బండిని పట్టుకెళ్తే పని అవదు. మారుతి 800 మొదట 1983 డిసెంబరులో వచ్చింది, 2014లో తయారీ ఆగిపోయింది. అదే 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ పెట్టిన ఓమ్నీ 2019 దాకా నడిచింది కాబట్టి ప్యాకింగులు ఇప్పటికీ దొరుకుతాయి. రాయగడలో లేకపోతే విజయనగరంలోనో విశాఖలోనో అడగండి. ఒక్క జాగ్రత్త: కార్బురేటర్ ఇంజన్‌కి, తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజన్‌కి హెడ్డు, అంటే సిలిండర్ల మీద కూర్చునే పై భాగం వేరు, దాని మీది కవరు వేరు. "800 ప్యాకింగ్ ఇవ్వండి" అంటే చాలదు, సంవత్సరం, ఇంజన్ రకం చెప్పాలి, వీలైతే పాత ప్యాకింగ్ చేత్తో పట్టుకెళ్లాలి.

అసలు ఎందుకు కారుతుంది

గ్యాస్కెట్ అంటే, మన మెకానిక్కుల మాటలో ప్యాకింగ్ అంటే, రెండు లోహపు ముక్కల మధ్య నలిగి సందు మూసే పొర. ఎంత బాగా తయారుచేసినా రెండు లోహపు అంచులు నూటికి నూరుపాళ్లు కలవవు, ఆ తేడాని ఈ పొర పూరిస్తుంది. అది రబ్బరు కావచ్చు, కార్క్ కావచ్చు, గట్టి కాగితం కావచ్చు, హెడ్ గ్యాస్కెట్ అయితే లోహపు రేకుతో కలిపి చేసింది కావచ్చు. రబ్బరుకి, కార్క్‌కి ఉన్న గుణం ఒకటే, నొక్కితే నలగాలి, వదిలితే మళ్లీ పొంగాలి. ఏళ్ల తరబడి వేడికి ఆ పొంగే గుణం చచ్చిపోతుంది. పాత టాపెట్ కవర్, అంటే హెడ్డు మీద వాల్వుల్ని కప్పే మూత విప్పి దాని రబ్బరుని వేళ్ల మధ్య వంచి చూడండి, వంగదు, టక్కున విరుగుతుంది, విరిగిన చోట ప్లాస్టిక్‌లా నిగనిగలాడుతుంది. అంత గట్టిపడ్డాక అది సందు మూయడం లేదు, ఊరికే అక్కడ కూర్చుని ఉందంతే. మన దారులు కూడా దీన్ని తొందరపెడతాయి. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కితే గాని కోరాపుట్ చేరం, అంతసేపూ రెండో గేరులో ఇంజన్ కాగిపోతుంది, పైకెళ్లి ఆపాక డిసెంబరు చలిలో రాత్రంతా చల్లారిపోతుంది. లోహం సాగుతుంది, కుంచించుకుంటుంది, దానితోపాటు కదలాల్సిన రబ్బరు మాత్రం కదల్లేదు.

అయితే సగం మంది పట్టించుకోని కారణం ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఇంజన్ లోపల ఒత్తిడి. సిలిండర్‌లో పేలిన గ్యాస్ కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, ఆయిల్ ఉండే భాగంలోకి జారుతుంది. కొత్త ఇంజన్‌లోనూ కొద్దిగా జారుతుంది, పాత ఇంజన్‌లో ఇంకాస్త ఎక్కువ. అది బయటపడటానికి బ్రీదర్ గొట్టం ఉంటుంది, దాన్నుంచి ఆ గ్యాస్ ఎయిర్ క్లీనర్‌లోకో, పీసీవీ వాల్వ్ (ఆ గ్యాస్‌ని వదిలే చిన్న కవాటం) ద్వారా ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలోకో వెళ్లి మళ్లీ కాలిపోతుంది. ఈ దారి జిడ్డుతో, మసితో పూడుకుపోయిందనుకోండి, లోపల ఒత్తిడి పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ని తోసేస్తుంది. కుక్కర్ వెయిట్ జామ్ అయినప్పుడు ఆవిరి గ్యాస్కెట్ పక్కనుంచి తన్నుకొచ్చినట్టే. కుక్కర్‌కి కొత్త రబ్బరు వేసినంత మాత్రాన అది ఆగుతుందా?

మా పక్కింటాయన 800కి సరిగ్గా ఇదే జరిగింది. టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్పించారు, కొన్నాళ్లకి మళ్లీ కారింది, మళ్లీ మార్పించారు, ఈసారి ఇంకా గట్టిగా బిగించి పంపారు, అయినా కారింది. చివరికి బ్రీదర్ గొట్టం ఊడదీసి చూస్తే లోపల నల్లటి ముద్ద, ఒక చివర నోటితో ఊదితే రెండో చివర గాలే రాలేదు. గొట్టం లోపల మెత్తబడి ఒక చోట నొక్కుకుపోయి కూడా ఉంది. కొత్త గొట్టం, మూడో ప్యాకింగ్ వేశాక కారడం ఆగింది. కాబట్టి ఏ ప్యాకింగ్‌నైనా ముట్టుకునే ముందు ఈ గొట్టం చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తీసి కిరసనాయిల్‌తో కడిగి, ఆరబెట్టి, ఊది చూడండి. పీసీవీ వాల్వ్ ఉన్న బండి అయితే దాన్ని తీసి చెవి దగ్గర ఊపండి, లోపల టకటకమని చప్పుడు రావాలి, రాలేదంటే అతుక్కుపోయినట్టే, కొత్తది వేయండి. తర్వాత ఇంజన్ ఐడిల్‌లో ఉంచి పైన ఆయిల్ పోసే మూత విప్పి చూడండి. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తూ అరచెయ్యి అడ్డం పెడితే తోస్తోందంటే బ్రీదర్ సంగతి కాదు, రింగులు అరిగాయి. అలాంటి ఇంజన్‌కి ప్యాకింగులు మార్చుకుంటూ పోవడం డబ్బు దండగ, ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూపించుకోవాలి.

డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల కూడా ఓసారి చూడండి. పై గీత దాటి ఆయిల్ ఉంటే అది కూడా కారడానికి కారణం అవుతుంది. ఆయిల్ పొయ్యకుండానే మట్టం పెరుగుతూ, పుల్లకి పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం సీరియస్‌గా తీసుకోవాలి. కార్బురేటర్ బళ్లలో ఇంజన్ మీదే ఉండే పెట్రోల్ పంపు లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగితే పెట్రోలు కిందికి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ నీళ్లలా పల్చబడుతుంది, బేరింగులు పోతాయి, మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు బండి తియ్యకండి, పంపు, ఆయిల్ రెండూ మార్చాకే స్టార్ట్ చెయ్యండి.

ఎక్కడినుంచో తేల్చడం

ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కూడా పాకుతుంది. అందుకే కింద బొట్టు పడే చోటుకి, అసలు కారే చోటుకి చాలా దూరం ఉంటుంది. చాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టె చుట్టూ తడిగా ఉందని చాంబర్ ప్యాకింగ్ మార్చేసిన బళ్లు ఎన్నో, తీరా చూస్తే ఆయిల్ పైన టాపెట్ కవర్ మూలనుంచి దిగుతుంటుంది. పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైన ఉన్నది ఏదో అక్కడినుంచి మొదలుపెట్టండి.

ఏళ్ల నాటి జిడ్డు మీద ఏదీ కనపడదు కాబట్టి ముందు ఇంజన్ కడగాలి. చల్లటి ఇంజన్ మీద కిరసనాయిలో, డీగ్రీజరో బ్రష్‌తో రాసి, కాసేపు ఆగి, గుడ్డతో తుడవండి. డిస్ట్రిబ్యూటర్‌కి, ఆల్టర్నేటర్‌కి పాలిథిన్ కట్టండి. పెట్రోలుతో కడగొద్దు, ఎవరు చెప్పినా వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. కిరసనాయిల్ కూడా పూర్తిగా ఆరాకే స్టార్ట్ చెయ్యాలి. తర్వాత అనుమానం ఉన్న చోట్ల ఇంట్లో వాడే టాల్కం పౌడర్ పల్చగా చల్లండి, బండిని కొంత దూరం నడిపి తెచ్చి టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. బెల్టులు తిరిగేవైపు మాత్రం పౌడర్ చల్లకండి.

టాపెట్ కవర్ అంచు పొడిగానే ఉంటే తొందరపడి కిందికి వెళ్లొద్దు. ఆయిల్ పోసే మూత రబ్బరు, డిస్ట్రిబ్యూటర్ మొదట్లో ఉండే ఓ-రింగ్, పెట్రోల్ పంపు కింద ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్, ఇవన్నీ కారే చోట్లే, అన్నీ చవకైనవే. ప్రెషర్ స్విచ్ లోపల పొర పోతే దాని ప్లాస్టిక్ మధ్యనుంచే ఆయిల్ ఊరుతుంది, పైకి మాత్రం ఇంజన్ అంతా కారుతున్నట్టు ఉంటుంది. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుపోయి దాని మీద కొత్తది ఎక్కితే కూడా ఆయిల్ బయటికి చిమ్ముతుంది.

ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ కలిసే చోట కిందినుంచి బొట్లు పడుతుంటే అది క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక ఆయిల్ ఆపే రబ్బరు రింగు, అంటే ఆయిల్ సీల్ కావచ్చు, దానికి గేర్‌బాక్స్ దించాలి, ఇంటి ముందు చేసే పని కాదు. టైమింగ్ బెల్టు వైపు సీల్ కారుతుంటే బెల్టు ఆయిల్‌లో నానిపోయి తెగే ప్రమాదం ఉంది, అది వాయిదా వెయ్యకూడదు. అన్నిటికంటే తొందరగా చూడాల్సింది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగని సైలెన్సర్‌కి పంపే, బాగా కాగే గొట్టం) మీద పడే ఆయిల్. బానెట్ లోంచి కాలిన వాసన, ఘాటు ఎక్కుతుంటే సన్నటి పొగ వస్తుంటే "పాత బండి" అని ఊరుకోవద్దు, మంటలు లేవడానికి కావాల్సినవన్నీ అక్కడ ఉన్నట్టే.

టాపెట్ కవర్ ప్యాకింగ్, ఇంట్లోనే

తేలింది టాపెట్ కవరే అనుకుందాం, పాత బళ్లలో ఎక్కువగా తేలేది అదే. దీనికి బండి కిందికి దూరక్కర్లేదు, జాకీ అక్కర్లేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. కవర్‌కి అడ్డం ఉన్న ఎయిర్ క్లీనర్, గొట్టాలు, ప్లగ్ వైర్లు తీసేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి, వైర్లకి టేపు ముక్కలు అంటించి నంబర్లు రాసుకోండి. కవర్ బోల్టులు తీశాక అది అతుక్కుని రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి పైకి ఎత్తకండి. హెడ్డు అల్యూమినియం, స్క్రూడ్రైవర్ చేసిన గాటు జీవితాంతం కారుతూనే ఉంటుంది. చెక్క పెట్టి పక్కనుంచి మెల్లగా తడితే వస్తుంది.

పాత ప్యాకింగ్ ముక్కలు, ఎప్పుడో ఎవరో పూసిన పేస్టు అంతా గీరి తీసేయాలి. దీనికి ఎంత టైమ్ పెడితే అంత మంచిది, లీకు మళ్లీ వచ్చేది ఇక్కడ తొందరపడ్డవాళ్లకే. ప్లాస్టిక్ ముక్కతోనో, వెదురు పుల్లని చెక్కుకునో గీరండి. గీరే ముందు లోపల కనిపించే రంధ్రాలన్నీ శుభ్రమైన గుడ్డతో కప్పండి, ఒక్క కార్క్ ముక్క పడినా అది కింద ఆయిల్ పంపుకి ఉండే జాలీ దాకా వెళ్తుంది. దారాలు ఊడే గుడ్డ వద్దు. ఎమరీ పేపర్ కూడా వద్దు, ఆ పొడి లోపలికి పోతే బేరింగుల్ని తినేస్తుంది. ఇంకో సంగతి, బాగా పాత బళ్లలో హెడ్ గ్యాస్కెట్లకీ సైలెన్సర్ ప్యాకింగులకీ ఆస్‌బెస్టాస్ వాడేవారు. అలాంటివి తీస్తుంటే పొడిగా గీకడం, గాలి కొట్టి దులపడం చెయ్యకుండా తడిపి తియ్యండి, ముక్కుకి మాస్కు పెట్టుకోండి.

ఇప్పుడు కవర్‌ని అద్దం మీదో, నున్నటి గ్రానైట్ బండ మీదో బోర్లించి చూడండి. రేకు కవర్ అయితే బోల్టు రంధ్రాల దగ్గర లోపలికి నొక్కుకుపోయి, మధ్యలో పైకి లేచి ఉంటుంది. ఏళ్ల తరబడి "కారుతోంది, ఇంకాస్త బిగించు" అన్నదాని ఫలితం అది. బిగించిన కొద్దీ బోల్టు దగ్గర ప్యాకింగ్ నలిగిపోతుంది, మధ్యలో సందు పెరుగుతుంది. కవర్ కింద చెక్క పెట్టి చిన్న సుత్తితో మెల్లగా కొట్టి ఆ అంచుని సాపు చెయ్యాలి. ఇది చెయ్యకుండా కొత్త ప్యాకింగ్ వేస్తే నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది. బోల్టుల కింద ఉండే రబ్బరు వాషర్లు కూడా ప్యాకింగ్‌తో పాటే గట్టిపడతాయి, సెట్టులో వస్తే సరే, రాకపోతే అడిగి తీసుకోండి.

పేస్టు గురించి మన దగ్గర పెద్ద అపోహ ఉంది, ఎంత పూస్తే అంత ఆగుతుందని. రబ్బరు ప్యాకింగ్ పొడిగా కూర్చోవాలి, దాని కింద సిలికాన్ పేస్టు పూస్తే అది జారి పక్కకి తప్పుకుంటుంది. మూలలు తిరిగే చోట, రెండు ముక్కలు కలిసే చోట మాత్రం చిన్న చుక్క పెట్టాలి, అంతే. ఎక్కువ పూసినది బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది, ఆ ముక్క ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజన్‌కి ఆయిల్ అందదు. బయటి లీకు ఆపబోయి ఇంజన్ని సీజ్ చేసుకున్నట్టవుతుంది. పేస్టు వాడితే డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వండి, చాలావాటికి పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు కావాలి.

బిగించేటప్పుడు బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, మధ్యనుంచి మొదలుపెట్టి చివరలకి, అటొకటి ఇటొకటి, కొంచెం కొంచెంగా రెండు మూడు విడతల్లో బిగించండి. ఇవి చాలా తక్కువ టార్క్ (తిప్పే బలం) చాలే బోల్టులు, చాలా చిన్న ఇంజన్లలో 10 న్యూటన్ మీటర్ల లోపే, సరైన అంకె మాన్యువల్లో ఉంటుంది. టార్క్ రెంచ్ లేకపోతే పొడవాటి స్పానర్ పక్కన పెట్టి చిన్న టీ స్పానర్‌ని వేళ్లతో మాత్రమే తిప్పండి, భుజం బలం వాడొద్దు. అల్యూమినియంలో మర పోతే మళ్లీ మర వేయించడానికి లేత్ షాపుకి పరిగెత్తాలి. కార్క్ ప్యాకింగ్ అయితే ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక ఓసారి సరిచూడండి, కొద్దిగా సడలుతుంది. రబ్బరుకి ఆ అవసరం లేదు.

చాంబర్ ప్యాకింగ్ కూడా ఇంట్లో మార్చుకోవచ్చు గాని దానికి బండి కిందికి వెళ్లాలి, నేను అందరికీ చెప్పేది ఒక్కటే: జాకీని నమ్మి, ఇటుకల్ని నమ్మి కారు కిందికి దూరకండి. ఇటుక పగిలేముందు చెప్పి పగలదు. చదునైన గచ్చు, గట్టి యాక్సిల్ స్టాండ్లు ఉంటేనే చెయ్యండి, లేదంటే గుంత ఉన్న గ్యారేజీకి తీసుకెళ్లండి. దించిన పాత ఆయిల్‌ని కాలువలో పొయ్యకండి, రాయగడలో మన కాలువలన్నీ చివరికి నాగావళిలోకే వెళ్తాయి. డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇస్తే తీసుకుంటారు.

హెడ్ గ్యాస్కెట్ సంగతి

అందరినీ భయపెట్టే పేరు ఇది, నిజంగా పోతే భయపడాల్సిందే. కానీ బయట ఆయిల్ కారడం దీని ముఖ్య లక్షణం కాదు. రేడియేటర్‌లో నీళ్లు ఎక్కడా కారకుండానే తగ్గిపోవడం, చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా రావడం, ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ, ఆయిల్ మూత కింద తెల్లటి నురగ, ఘాటు మొదట్లోనే టెంపరేచర్ ముల్లు పైకెక్కడం, వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే అనుమానించాలి. ఒక్క నురగ చూసి మాత్రం కంగారుపడొద్దు. చలికాలంలో కోరాపుట్, సునాబెడ వైపు రోజూ బజారు దాకా వెళ్లొచ్చే బండికి లోపలి తేమ ఆవిరి కాక మూత కింద నురగ కడుతుంది. తుడిచేసి, ఒకసారి దూరం నడిపి, డిప్‌స్టిక్ చూడండి. పుల్ల మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే అది చలి పనే.

అనుమానం నిజమైతే బండి నడపడం ఆపేయండి. ఇది ఇంట్లో చెయ్యమని చెప్పను. గ్యాస్కెట్ ఎందుకు పోయిందన్నది చాలాసార్లు వేడికి వంగిన అల్యూమినియం హెడ్డులో ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు వంపు కూడా ఎక్కువే. దాన్ని లేత్ షాపులో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూసి, అవసరమైతే ఫేసింగ్ (చెక్కి చదును) చేయించాలి. బోల్టులు విప్పడానికి ఒక వరస, బిగించడానికి ఒక వరస, టార్క్ రెంచ్ తప్పనిసరి, టైమింగ్ గుర్తులు సరిగ్గా కలపాలి. గ్యారేజీకి ఇచ్చేటప్పుడు "హెడ్డు చదును చూపించారా, ఎంత వచ్చింది" అని అడగండి, చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేసి మూసేసే చోట బండి వదలొద్దు. అసలు వేడెక్కడానికి కారణం ఏమిటో కూడా అడగండి. మన వైపు చాలా బళ్లలో థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్లు వదిలే కవాటం) పీకేసి, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి నడుపుతారు. ఆ ఉప్పు నీళ్లు రేడియేటర్‌లో పొరలు కట్టి, అల్యూమినియాన్ని తింటూ ఉంటాయి. ఎలాగూ హెడ్డు దిగింది కాబట్టి అప్పుడే టైమింగ్ బెల్టు, థర్మోస్టాట్, రేడియేటర్ గొట్టాలు కూడా కొత్తవి వేయించుకుని, కూలెంట్ పోయించండి. వీటిని తర్వాత విడిగా చేయిస్తే అదే కూలీ మళ్లీ కట్టాలి.